ఇంట్లో వాల్వు స్టీరియో ఆంప్లిఫయర్ కట్టాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటరు ఉంది, వాల్వు స్టీరియో ఆంప్లిఫయర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను కట్టుకున్నది ఈఎల్84 అనే పవర్ వాల్వుతో సింగిల్ ఎండెడ్, అంటే చానెల్‌కు ఒకే పవర్ వాల్వు ఉండే రకం. చానెల్‌కు ఒక ఈఎల్84, రెండింటికీ కలిపి, సిగ్నల్‌ను ముందుగా పెంచే ఈసీసీ83 ఒకటి. దాని గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్లు (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులు) ఉంటాయి కాబట్టి చెరొకటి సరిపోతుంది. మొదటిసారి కట్టేవారికి ఇంతకన్నా మంచి దారి లేదని నా నమ్మకం.

వాల్వుల బ్రాండ్ల గురించి వాదనలు చాలా వింటారు. పట్టించుకోకండి. భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు బెంగళూరులో తయారుచేసిన పాత వాల్వులు దొరికినా హాయిగా వాడుకోవచ్చు. ధ్వనిని నిలబెట్టేదీ పాడుచేసేదీ వాల్వును స్పీకరుకు జతచేసే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే. డబ్బంతా అక్కడే పెట్టండి. ఈఎల్84కు 250 వోల్టుల దగ్గర సుమారు 5 వేల ఓముల లోడు కావాలి, స్పీకరు 8 ఓములు. అంటే చుట్ల నిష్పత్తి 25:1. ప్రైమరీలో (వాల్వు వైపు చుట్టలో) 48 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది కాబట్టి ఇనుప రేకుల కోరులో సన్నని సందు తప్పనిసరి. అది లేకపోతే కోరు సాచురేట్ అయిపోయి (ఇక అయస్కాంతత్వం పట్టనంతగా నిండిపోయి) మృదంగం ఎడమవైపు గంభీర నాదం వినిపించదు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే అలవాటులో రేకులను అటొకటి ఇటొకటి పేరుస్తారు. మనకు అన్నీ ఒకే దిశలో పేర్చి, కలిసేచోట పలచని కాగితం పెట్టాలి. వైండింగ్ చేసేవారికి ఈ మాట రాసి ఇవ్వండి.

చాసిస్‌కు రంధ్రాలు చేయకముందే ఒక పని చేయండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి (స్పీకరు వైపు చుట్టకు) హెడ్‌ఫోన్లు తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రమే కరెంటు ఇవ్వండి. దాని మిగతా తీగల చివర్లకు టేపు చుట్టి ఉంచాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును బల్ల మీద మెల్లగా తిప్పుతూ వింటే ఒక కోణంలో హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం) దాదాపు మాయమవుతుంది. అక్కడే పెన్సిలుతో గీత గీయండి. ఆ క్షణం నాకు ఎంత ఆనందమిచ్చిందో! హమ్ తగ్గడానికే, హీటరు తీగలను (వాల్వులను లోపల వేడిచేసే కరెంటు తీగలను) గట్టిగా మెలిపెట్టి చాసిస్ మూల వెంట తీసుకెళ్లండి. 6.3 వోల్టుల వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (నడిమి నుంచి తీసిన తీగ) లేకపోతే, రెండు చివరల నుంచీ చెరో 100 ఓముల రెసిస్టరును గ్రౌండుకు కలపండి.

ఇక ప్రాణం సంగతి. స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచి ఉంటాయి. అవి ఖాళీ అయ్యేలా వాటికి అడ్డంగా 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టరు వేయండి. అయినా మీటరుతో చూశాకే చేయి పెట్టండి. మొదటిసారి 60 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు తగ్గకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. స్పీకరు తగిలించకుండా మాత్రం ఎన్నడూ నడపవద్దు. బల్బు తీసేశాక, 135 ఓముల కాథోడు రెసిస్టరు మీద 7 వోల్టులకు కాస్త పైన కనిపిస్తే వాల్వు సరిగ్గా పనిచేస్తున్నట్టే. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని మొదటి వాల్వుకు తిరిగి పంపే తీగ) కలపగానే స్పీకరు ఊళపెడితే వెంటనే ఆపి, సెకండరీ కొసలు తారుమారు చేయండి.

దీని నుంచి వచ్చేది చానెల్‌కు 4, 5 వాట్లే. మీ స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత గట్టిగా మోగుతాయో చెప్పే అంకె) ఎంతో రాయండి. 90 డెసిబెల్స్ కన్నా బాగా తక్కువైతే చానెల్‌కు రెండు ఈఎల్84లు ఎదురెదురుగా పనిచేసే పుష్‌పుల్ కట్టుకోవాలి. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు లెక్కే మారుతుంది: 8 వేల ఓములు, సందు లేని కోరు.