ఎత్తు మీద వెనక్కి జారే ఆటోమేటిక్ కారు

ప్రశ్న: మాది మధురవాడ. ఎనిమిది నెలల క్రితం ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ గేరుబాక్సు) కారు కొన్నాను. మొన్న మా అమ్మగారిని సింహాచలం కొండపైకి తీసుకువెళుతుండగా ఘాట్ రోడ్డు మలుపులో వాహనాలు ఆగిపోయాయి. మళ్లీ కదిలేటప్పుడు గేరు ‘డి’ (డ్రైవ్)లోనే ఉన్నా, బ్రేకు మీది కాలు యాక్సిలరేటరు మీదికి మార్చేలోపే కారు వెనక్కి జారి, వెనుకనున్న బైకుకు జానెడు దూరంలో ఆగింది. షోరూములో అడిగితే ‘ఏఎంటీలో ఇది మామూలే మేడమ్’ అన్నారు. పైగా ఈ కారుకు ‘పి’ (పార్కింగ్) గేరు లేదు. మా వీధి వాలుగా ఉంటుంది. రోజూ ‘ఎన్’ (న్యూట్రల్)లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి దిగుతున్నాను. ఇది క్షేమమేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: షోరూమువారు చెప్పింది అబద్ధం కాదు గాని, అంతటితో ఆపేయడం తప్పు. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ కారులో ఇంజను బలం నూనె ద్వారా గేరుబాక్సుకు ఎడతెగకుండా అందుతుంది కనుక, బ్రేకు వదిలినా కొద్దిపాటి ఎత్తు మీద అది నిలబడగలదు. ఏఎంటీలో ఉన్నది మాత్రం మామూలు మాన్యువల్ గేరుబాక్సు, మామూలు క్లచ్చే. మీ ఎడమకాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. మీరు బ్రేకు వదిలాక ఆ యంత్రం క్లచ్‌ను పట్టించడానికి తీసుకునే కాస్త వ్యవధిలోనే కారు జారుతుంది. హిల్ హోల్డ్ సదుపాయం ఉన్న కార్లు ఆ రెండు మూడు సెకన్లు బ్రేకును పట్టి ఉంచుతాయి. మీ కారుకు అది ఉందో లేదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి.

లేకపోతే, డ్రైవింగ్ స్కూలులో నేర్పిన పాత పద్ధతినే పాటించండి. ఎత్తు మీద ఆగగానే హ్యాండ్‌బ్రేకు వేసి, కదలవలసినప్పుడు యాక్సిలరేటరు మెల్లగా నొక్కి, కారు ముందుకు లాగుతున్నట్టు తెలియగానే హ్యాండ్‌బ్రేకు దించాలి. యాక్సిలరేటరును సగం నొక్కి కారును అక్కడే నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల క్లచ్ వేడెక్కి కాలిపోతుంది, ఆ వాసన ఒక్కసారి చూసినవారు మరచిపోరు.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది రెండవ భాగం. ‘ఎన్’లో వదిలిన కారును పట్టి ఉంచేది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే, సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊరిలో దాని కేబులు తుప్పు పట్టడం వింత కాదు. అందుచేత బ్రేకు పెడలు నొక్కి ఉంచి, కారు ముఖం ఎత్తువైపు ఉంటే ‘డి’లో, పల్లంవైపు ఉంటే ‘ఆర్’ (రివర్స్)లో పెట్టి, ఆ అక్షరం మీటరులో కనబడిందని చూసుకొని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, అప్పుడు ఇంజను ఆపండి. ఇంజను ఆగాక క్లచ్ పట్టుకొనే ఉంటుంది కాబట్టి చక్రాలను ఇంజనే అడ్డుకుంటుంది. వాలు మరీ ఎక్కువైతే లారీ క్లీనర్లు చేసినట్టు చక్రానికి రాయి అడ్డం పెట్టడం చిన్నతనమేమీ కాదు. మళ్లీ తీయడం మరువకండి. తిరిగి స్టార్టు చేసేటప్పుడు బ్రేకు పెడలు మీద కాలు పడిన తరువాతే హ్యాండ్‌బ్రేకు దించాలి.

అరకు వైపు వెళితే, అనంతగిరి దిగుడులో మాన్యువల్ మోడులో రెండవ గేరు వాడండి. పెట్రోలు ఆదా అవుతుందని ‘ఎన్’లో వదలకండి.

ఇక ‘మామూలే’ అని సరిపెట్టుకోకూడని లక్షణాలు వేరే ఉన్నాయి. ఇంజను శబ్దం పెరుగుతున్నా కారు కదలకపోవడం, ‘డి’లో ఉండగా గేరు తనంతట తాను ‘ఎన్’కు పోవడం, గేరు గుర్తు మిణుకుమిణుకుమనడం, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగినా కారు జారడం, వీటిలో ఏది కనబడినా కొండ దారి మానుకొని వర్క్‌షాపుకు తీసుకువెళ్లండి. అక్కడి చదునైన ఆవరణలో నడిపి చూస్తే లోపం బయటపడదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకొని ఏదైనా ఎత్తు మీదికి తీసుకువెళ్లి చూపించి, మీ ఫిర్యాదును జాబ్‌కార్డులో రాయించండి. వారంటీ గడువులో ఉన్నారు కనుక ఆ కాగితం మీకు అవసరపడుతుంది.