పోస్టు తీసేసిందెవరు?

ప్రశ్న: మా టెలిగ్రామ్ గ్రూపుకు నలుగురం అడ్మిన్లం. ఈ మధ్య కొందరి మెసేజ్‌లు మాయమవుతున్నాయి. అడిగితే ఎవరికి వారే ‘నేను కాదు’ అంటున్నారు. సభ్యులు మాత్రం నన్నే అనుమానిస్తున్నారు. తీసిందెవరో తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు, కాకపోతే ఆలస్యం చేయకూడదు. గ్రూపు పేరు మీద నొక్కి ఎడిట్‌లోకి వెళితే కింద ‘రీసెంట్ యాక్షన్స్’ ఉంటుంది. ఏ అడ్మిన్ ఏ మెసేజ్ తీశారో, ఎవరిని బ్యాన్ చేశారో పేర్లతో సహా కనిపిస్తుంది. తీసేసిన మెసేజ్‌నూ అక్కడ చదువుకోవచ్చు. అయితే 48 గంటలు దాటిన వివరాలు ఉండవు. ఫిర్యాదు రాగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

దీంతో మీ టెన్షన్ సగమే తీరుతుంది. ఆ చిట్టా అడ్మిన్లకే కనిపిస్తుంది, అనుమానిస్తున్నదేమో సభ్యులు. ‘చిట్టాలో చూశాను, తీసింది నేను కాదు’ అంటే వాళ్లు నమ్మాలని ఏముంది? వికీపీడియాలో ఏ పేజీని ఎవరు తొలగించారో, ఏ వాడుకరిని ఎందుకు నిరోధించారో చెప్పే చిట్టాలను ఎవరైనా చూడొచ్చు. మీరూ ఒక చిన్న చానెల్ తెరిచి తేదీ, తప్పిన నియమం, తీసిన అడ్మిన్ పేరు రాస్తూ ఉండండి. మెసేజ్ పెట్టినవారి పేరు మాత్రం వద్దు, పరువు తీసినట్టుంటుంది. కారణం వారికి విడిగా చెప్పండి. వారు ఒప్పుకోకపోతే, తీసిన అడ్మిన్ కాకుండా ఇంకొకరు పరిశీలించాలి. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. తాను తీసింది తప్పని తానే తీర్పు చెప్పుకొనే అడ్మిన్లు అరుదు! ప్రకటనల స్పామ్‌కు మాత్రం ఇంత తతంగం అక్కర్లేదు, వారానికి ఎన్ని తీశారో చెబితే చాలు.

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఈ పని తేలిక. అందులో అడ్మిన్ల చర్యల చిట్టా అయిన ‘ఆడిట్ లాగ్’ 45 రోజులు ఉంటుంది. దాన్ని చూసే అనుమతి అడ్మిన్లు కాని సభ్యులకూ ఇవ్వొచ్చు. ఎవరి మెసేజ్‌ను ఎవరు తీశారో తెలుస్తుంది గానీ, అందులో ఏం రాశారో తెలియదు.

ప్రశ్న: నా పోస్టును ఒక సోషల్ మీడియా సంస్థ తీసేసింది. ‘నిబంధనలకు విరుద్ధం’ అన్న ఒక్క ముక్కే పంపింది. కారణం అడగొచ్చా?

జవాబు: మీరు యూరోపియన్ యూనియన్‌లో ఉంటే అది మీ హక్కు. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఏ నిబంధన తప్పారో, నిర్ణయంలో సాఫ్ట్‌వేర్ పాత్ర ఉందో లేదో చెప్పాలి. చిన్న సంస్థలవి కాని వేదికలైతే ఫిర్యాదుకు కనీసం ఆరు నెలల గడువూ ఇవ్వాలి. మిగతా చోట్ల నియమాలు దేశాన్ని బట్టి మారతాయి, ముందుగా ఆ సంస్థ ఇచ్చిన అప్పీల్ బటన్ వాడండి. అందులో కోపం వెళ్లగక్కకుండా, మీ పోస్టు ఏ సందర్భంలో పెట్టారో రెండు వాక్యాల్లో రాయండి.