సెయింట్ మేరీస్ బడులన్నీ ఒకరివేనా?

ప్రశ్న: మా మనవరాలిని వచ్చే ఏడు బడిలో చేర్చాలి. నగరంలో ఎటు వెళ్లినా సెయింట్ మేరీస్ అనే బోర్డు కనబడుతోంది. రోజరీ, సెయింట్ ఆన్స్, ఫాతిమా, మారిస్ స్టెల్లా వంటి పేర్లూ వింటున్నాము. ఇవన్నీ మరియమాత పేర్లేనా? యాజమాన్యం ఒకటేనా?
– ఒక పాఠకురాలు, మారేడుపల్లి

జవాబు: యాజమాన్యం ఒకటి కాదండీ. ఒకే పేరున్న రెండు బడులకు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకపోవచ్చు. పేర్లు వేరైనవి ఒకే సంఘానివి కావచ్చు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో 1904లో మొదలైన రోజరీ కాన్వెంట్‌ను, చెన్నైలో 1947లో ప్రారంభమైన స్టెల్లా మారిస్ కళాశాలను, విజయవాడలో 1962లో వచ్చిన మారిస్ స్టెల్లా కళాశాలను నెలకొల్పినది ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే ఒకే సన్యాసినుల సంఘం. స్థాపకురాలు ఫ్రాన్స్ దేశస్థురాలే అయినా, ఆ సంఘం పుట్టినది మాత్రం 1877లో, మన ఉదకమండలంలో (ఊటీలో).

పేర్ల విషయానికి వస్తే, మీరు అడిగినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ మరియమాతవే. రోజరీ అంటే జపమాల. జపమాల మాత పండుగను ఏటా అక్టోబరు 7న జరుపుకుంటారు. మారిస్ స్టెల్లా అంటే లాటిన్‌లో సముద్ర తార, అనగా నావికులకు దారి చూపే నక్షత్రం. లాటిన్‌లోనూ సంస్కృతంలో వలె విభక్తి పదంలోనే కలిసి ఉంటుంది కనుక, చెన్నైవారు స్టెల్లాను ముందు పెట్టినా విజయవాడవారు వెనుక పెట్టినా అర్థం మారదు. ఫాతిమా అనగానే మన నగరంలో ఎవరికైనా ముస్లిముల ఆడపిల్ల పేరే స్ఫురిస్తుంది. ఇక్కడ అది పోర్చుగల్‌లోని ఒక ఊరు. 1917లో అక్కడ ముగ్గురు పిల్లలకు మరియమాత దర్శనమిచ్చిందని కతోలికుల విశ్వాసం. కాజీపేటలోని ఫాతిమానగర్‌కు ఆ పేరు అలా వచ్చినదే.

మిగిలిన ఆ ఒక్కటి సెయింట్ ఆన్స్. ఆన్, అంటే అన్నమ్మ, మరియమాతకు తల్లి. ఆమె ప్రస్తావన బైబిలులో లేదు; ప్రాచీన క్రైస్తవ సంప్రదాయం నుంచి వచ్చిన పేరది. సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో 1871 నాటి సెయింట్ ఆన్స్ పాఠశాల సెయింట్ మేరీస్ చర్చి చెంతనే ఉంది కాబట్టి, అక్కడ తల్లి పేరు బడికీ, కూతురి పేరు గుడికీ దక్కాయన్నమాట. 1850లో పూర్తయి, 2008లో బసిలికా (పోపు కొన్ని చర్చిలకు ఇచ్చే ప్రత్యేక గౌరవం) హోదా పొందిన ఆ చర్చి మోక్షారోపణ మాతకు, అంటే సశరీరంగా పరలోకానికి చేర్చబడిందని కతోలికులు నమ్మే మరియమాతకు, అంకితమైనది. ఆ మాత పండుగ ఆగస్టు 15న వస్తుంది.

ఇక సెయింట్ మేరీస్ అనే పేరు కతోలికులది మాత్రమే కాదు. ఇతర క్రైస్తవ శాఖలవారూ, ఏ చర్చితోనూ సంబంధం లేని ప్రైవేటు వ్యక్తులూ ఆ పేరుతో బడులు నడుపుతున్నారు. కాన్వెంట్ అనే మాటనూ నమ్మలేము. అసలు అర్థం సన్యాసినులు నివసించే మఠమైనా, మనవాళ్లు ఇంగ్లీషు మీడియం బడికల్లా ఆ మాట తగిలించేశారు. అందువల్ల దరఖాస్తు తీసుకునేటప్పుడే, ఆ బడి హైదరాబాద్ అగ్రపీఠం (ఆర్చిబిషప్ పాలనలోని కతోలిక చర్చి విభాగం) నడిపేదా, ఏదైనా సన్యాసినుల సంఘానిదా, లేక ప్రైవేటుదా అని కార్యాలయంలో నేరుగా అడగండి. ప్రధానోపాధ్యాయురాలు సన్యాసిని అయితే ఆమె పేరు చివరి అక్షరాలనూ గమనించండి, ఎఫ్.ఎం.ఎం. అని ఉంటే ఆమె పైన చెప్పిన ఉదకమండలం సంఘానికి చెందినవారు.