గోడ పగలగొట్టకుండా నెట్ కేబుల్ లాగడం: మా తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం

ఒరేయ్ చిన్నా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కన మీ పెద్దమ్మ సీరియల్ సౌండు, నువ్వడిగింది సగం వినపడలా, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా. కింద హాల్లో రౌటరు, పైన నీ ఆఫీసు రూము, మధ్యలో శ్లాబు, ఆపైన తొమ్మిదంగుళాల గోడ. పైకి వైఫై సరిగ్గా అందట్లేదని రౌటర్ మార్చావు, ఎక్స్‌టెండర్ కొన్నావు, అయినా మీటింగ్ మధ్యలో నీ మొహం నోరు తెరిచి ఆగిపోతోందని మా కోడలు ఒకటే నవ్వు. వైరు లాగెయ్యరా, నువ్వే లాగొచ్చు. ఎవరైనా వచ్చి గోడకి గాడి కొట్టి పైపు వేస్తానంటే మాత్రం ఒప్పుకోకు, పెయింట్ వేయించి ఏడాది కూడా కాలేదు.

ముందే కేబుల్ కొనెయ్యకు. 30 ఏళ్లు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్లు లాగినవాణ్ణి చెప్తున్నా, వైరు లాగడం గంట పని, దారి దొరకడమే అసలు పని. మీది 2003లో కట్టిన ఇల్లన్నావు కదా, అప్పట్లో హాల్లోనూ పై బెడ్రూమ్‌లోనూ ల్యాండ్‌లైన్ పాయింట్లు పెట్టించుకునేవాళ్లు, డాబా మీంచి టీవీ వైరు కూడా గోడలోంచే దింపేవాళ్లు. ఆ పైపులు మామూలుగా కరెంటు పైపులతో కలవకుండా విడిగా ఉంటాయి. ఆ ఫోన్ పాయింటు ప్లేటు విప్పి లోపలి పాత వైరు మెల్లిగా లాగి చూడు, పైన కోడల్ని నిలబెట్టి అక్కడ కదుల్తోందా అని అడుగు. కదిలిందా, సగం పని అయిపోయినట్టే. కానీ ఆ సన్న వైరుకే కొత్త కేబుల్ కట్టి లాగావంటే మధ్యలో తెగి కూర్చుంటుంది, అప్పుడు పాతదీ పోయె కొత్తదీ పోయె. ముందు దాంతో నైలాన్ తాడు లాగు, తర్వాత తాడుతో కేబుల్ లాగు, కేబుల్‌తో పాటే ఇంకో తాడు కూడా పంపి లోపలే వదిలెయ్, రేపు ఇంకో వైరు కావాలంటే నాకు దండం పెట్టుకుంటావు.

కదల్లేదనుకో, కంగారు పడకు. పైన సీలింగ్ దగ్గర గుండ్రటి జంక్షన్ బాక్సు ఒకటి ఉండి దానిమీద పెయింట్ కొట్టేసి ఉంటారు, గోడ మీద వేళ్లతో తడుతూ పో, డొల్లగా మోగిన చోట చూడు. ఎలక్ట్రీషియన్లు పైపులోకి తోసే స్ప్రింగు ఉంటుంది, అది కొనుక్కో. ఎంత తోసినా ఒకేచోట గట్టిగా కొట్టుకుంటుంటే శ్లాబు పోసినప్పుడు లోపలికి సిమెంటు దిగిందని అర్థం, ఇక దాన్ని వదిలెయ్.

కరెంటు పైపులో ఖాళీ ఉంది కదా అని అందులోకి మాత్రం దూర్చకు, 230 వోల్టుల వైరు పక్కన ఈ వైరు ఒకే పైపులో ఉండకూడదు, ఇందులో బేరం లేదు. ఏ బోర్డు విప్పినా ముందు ఆ లైనుకి కరెంటు ఆపే ఎమ్‌సీబీ దించు, టెస్టర్‌ని వేరేచోట కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని అప్పుడు ఇక్కడ పెట్టు.

లోపల దారే లేకపోతే బయట్నుంచి పో, తప్పేం లేదు. హాల్లోంచి బయటికి ఒక కన్నం, గోడ వెంట సజ్జ కిందగా పైపు, పైన మళ్లీ లోపలికి ఒక కన్నం. కన్నం కొట్టేటప్పుడు డ్రిల్లు బయటివైపుకి కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీళ్లు వైరు పట్టుకుని తిన్నగా నీ హాల్లోకొస్తాయి. వైరు కూడా కన్నం కంటే కొంచెం కిందకి దిగి మళ్లీ పైకెక్కేట్టు వంపు వదులు, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. స్విచ్ బోర్డుకి నిలువునా పైనా కిందా డ్రిల్ పెట్టకు, కరెంటు పైపు ఆ లైన్లోనే దిగుతుంది. బాత్రూమ్ గోడ, పిల్లర్లు, బీములు, శ్లాబు వీటి జోలికే పోకు. అటక మీద నుంచి వెళ్తే అక్కడ కూడా పైపులోనే వెయ్యి, ఎలుకలకి ఈ వైరంటే మహా ఇష్టం.

ఇక కేబుల్ సంగతి. క్యాట్ 6 అనే రకం నెట్ కేబుల్ తీసుకో, పూర్తి రాగిది. ఇక్కడ నేనే బోల్తా పడ్డా. అమ్మాయి వాళ్లింట్లో చవగ్గా వస్తోంది కదా అని ఒక పెట్టె కొని వేసేశా, పగలంతా బాగానే ఉండేది, రాత్రయ్యేసరికి గేటు దగ్గర కెమెరా ఆగి ఆగి మళ్లీ స్టార్టయ్యేది. నాలుగు రోజులు కెమెరాని తిట్టుకున్నా. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది, అది కూడా ఆ వైరులోంచే రావాలి. బ్లేడుతో తీగ గీకి చూస్తే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం! మొత్తం పీకి మళ్లీ లాగా. అందుకని కొట్లోనే అడిగి ఒక తీగ గీకి చూడు, మొహమాటపడకు. 305 మీటర్ల పెట్టె నీకెందుకు, మీటర్ల లెక్కన ఇచ్చేవాళ్లుంటారు.

లాగేటప్పుడు ఒకళ్లు ఇక్కణ్ణుంచి తొయ్యాలి, ఒకళ్లు అక్కణ్ణుంచి లాగాలి. తాడు కట్టిన చోట టేపు నున్నగా మొన తేలేట్టు చుట్టు, కాస్త టాల్కమ్ పౌడర్ రాయి. 11 కేజీల బరువుకి మించిన బలం పెట్టకూడదంటారు, అంటే నిండు బిందె ఎత్తినంత, అది దాటిందంటే ఎక్కడో పట్టేసింది, వెనక్కి తీసి మళ్లీ తొయ్యి. మూల తిరిగే చోట మడత పడనీయకు. రెండు చివర్లా జానెడో మూరెడో ఎక్కువే ఉంచు.

చివర్లు కట్టడం దగ్గరే తొందర పనికిరాదు. గోడలో కీస్టోన్ జాక్, అంటే నెట్ కేబుల్ సాకెట్టు పెట్టి, అక్కణ్ణుంచి రెడీమేడ్ ప్యాచ్ కార్డు, అంటే రెండు చివర్లా ప్లగ్గులున్న చిన్న వైరు తగిలించుకో. పైతొక్క తీస్తే లోపల మెలేసిన తీగలు నాలుగు జతలు, మధ్యలో ప్లస్ ఆకారంలో ప్లాస్టిక్ ఉంటుంది, ఆ ప్లాస్టిక్‌ని మొదట్లోకంటా కత్తిరించు. జాక్ మీద ఏ, బీ అని రెండు రంగుల వరసలుంటాయి, రెండు చివర్లా బీ పెట్టు: ఆరెంజ్ తెలుపు, ఆరెంజ్, గ్రీన్ తెలుపు, బ్లూ, బ్లూ తెలుపు, గ్రీన్, బ్రౌన్ తెలుపు, బ్రౌన్. జాక్ మీద తీగలు నొక్కే గాడులు ఈ వరసలో ఉండవు, అక్కడ రంగు చూసే నొక్కు. మెలి మాత్రం అరంగుళం కంటే ఎక్కువ విప్పకు. మా రోజుల్లో జత తప్పి ఒక తీగ దీంట్లోదీ ఒక తీగ దాంట్లోదీ కలిపితే పక్కింటాయన కబుర్లు మన ఫోన్లో వినపడేవి, ఆ మెలి ఉన్నది దానికే. నీ కేబుల్లో కబుర్లు వినపడవు, స్పీడు పోతుంది అంతే. పైగా రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే చవక కేబుల్ టెస్టర్లో ఎనిమిది లైట్లూ చక్కగా వరసలో వెలుగుతాయి, దాన్ని నమ్మి మోసపోకు.

అన్నీ పెట్టాక కంప్యూటర్లో లింక్ స్పీడు చూడు, 1 గిగాబిట్ అని రావాలి. 100 మెగాబిట్లే అని వచ్చిందంటే బ్లూ జతో బ్రౌన్ జతో సరిగ్గా కూర్చోలేదని ముందు అనుమానించు, ఎందుకంటే 100కి ఆరెంజ్, గ్రీన్ జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఆ రెండూ మళ్లీ నొక్కి చూడు.

పైన ఆ ఒక్క కేబుల్‌ని నాలుగైదు వస్తువులకి పంచే ఐదు పోర్టుల చిన్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టి, ఆఫీసు కంప్యూటరు, టీవీ, ఒక వైఫై యాక్సెస్ పాయింటు దానికి తగిలించు, ఫోన్లు వైఫై మీదే తిరుగుతాయి. రౌటరూ ఆ స్విచ్చూ ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయో లేదో చూసుకో, కరెంటు పోయినప్పుడు కింద రౌటర్ బతికి పైన స్విచ్ ఆగిపోతే మళ్లీ నన్నే తిడతావు.

ఆదివారం ప్లేట్లు విప్పాక ఫొటోలు పెట్టు, వైరు కదిలిందో లేదో చెప్పు. జాక్‌లోకి తీగలు నొక్కే నా క్రోన్ టూల్ ఇంకా డబ్బాలోనే ఉంది, వినాయక చవితికి వచ్చేటప్పుడు తెస్తా, ఈలోపు కొనకు.

మీ పెదనాన్న