పది అంకెల సంఖ్య ఎదురైతే ముందు ఏం చేయాలి

అమ్మలూ,

4294967297 ప్రధాన సంఖ్యా కాదా తేల్చమంటే చేతులు ఆడలేదన్నావు. దీని దగ్గర ఫెర్మా అంతటి గణిత మేధావే బోల్తా పడ్డాడు, నీకెందుకే అంత టెన్షన్? కాకపోతే 3, 7, 11 అంటూ వరసపెట్టి భాగించుకుంటూ పోవడం మాత్రం మానెయ్. దీని వర్గమూలం 65536 దాటుతుంది, అక్కడిదాకా 6542 ప్రధాన సంఖ్యలున్నాయి, తెల్లారిపోతుంది.

చిన్నవాటిని చూపుతోనే వదిలించుకో. చివర 7 ఉంది, 2, 5 పోయాయి. అంకెల మొత్తం 59, 3 కూడా పోయింది. 7, 11, 13లకి విడివిడిగా భాగించకు, ఆ మూడూ గుణిస్తే 1001 కదా, అందుకని కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి ఒకటి కూడి ఒకటి తీసెయ్: 297 − 967 + 294 − 4 = −380. 380ని ఆ మూడిట్లో ఏదీ నిశ్శేషంగా భాగించదు, కాబట్టి మన సంఖ్యనీ భాగించదు. (కోట్లు, లక్షల కామాల దగ్గర విడగొట్టావో, లెక్క గోవిందా.)

అసలు సంగతి ఇది. సంఖ్య పెద్దదైనప్పుడు అది ఎలా పుట్టిందో చూడాలి. ఒకటి తీసేస్తే 4294967296, అంటే 2³², కంప్యూటర్ వాళ్లు నిద్రలో లేపినా చెప్పేస్తారు. మనది 2³² + 1 అన్నమాట. 2 మీది ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అంటూ రెట్టిస్తూ ఒకటి కలిపే ఈ వరసలో 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని ఫెర్మా నమ్మాడు, 1732లో ఆయిలర్ అనే గణితవేత్త వచ్చి కాదని తేల్చాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపినట్టే ఉండాలని చూపించిందీ ఆయనే. తర్వాత ల్యూకా అనే మరో గణితవేత్త ఆ 64ని 128 చేసి ఇంకా బిగించాడు.

ఇక వెతుకు: 129, 257, 385, 513, 641. ఇందులో 129, 513 మూడుతో పోతాయి, 385 అయిదుతో పోతుంది. మిగిలినవి రెండే. 257తో 2⁸కి శేషం −1 (256 దానికి ఒకటి తక్కువ కదా), వర్గం చేస్తే 2¹⁶కి 1, 2³²కీ 1, అంటే మన సంఖ్యకి శేషం 2. పనికిరాదు.

641 దగ్గర ఆగి చూడు, బట్టీ పట్టకు. అది 5×2⁷ + 1 కూడా, 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5×2⁷కి శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి 1. రెండో రూపం చెప్పేదేంటంటే 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చని. పెట్టు, −2³²కి శేషం 1 వస్తుంది, అంటే 2³² + 1కి సున్నా! పది అంకెల భాగహారం ఒక్కటీ చేయలేదు చూశావా.

అక్కడితో పెన్ను మూసెయ్యకు. భాగఫలం 6700417 సంగతీ తేలాలి. దాని కారణాంకాలు అసలు సంఖ్యకీ కారణాంకాలే కాబట్టి 128 నియమం దానికీ వర్తిస్తుంది. వర్గమూలం 2589 లోపే, 257 ఎలాగూ పోయింది, ఇక చూడాల్సినవి 641, 769, 1153, 1409 మాత్రమే. ఏదీ భాగించదు, కాబట్టి అది ప్రధాన సంఖ్యే. నా మాట నమ్మకుండా ఆ నాలుగు శేషాలూ చేతితో చేసి పంపు. 641కి 44 వచ్చిందంటే దారిలోనే ఉన్నట్టు.

మామయ్య