అమ్మలూ, ఎండలో ఏజెన్సీ సైకిల్ టూరు గురించి

అమ్మలూ,

మే నెలలోనే వెళ్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది, నిన్ను ఆపమని కాదులే, నాలుగు ముక్కలు చెప్పమని. రూటు బావుంది. వైజాగ్ నుంచి ఎస్.కోట, ఘాట్ ఎక్కి అరకు, అక్కణ్ణించి పాడేరు, చింతపల్లి, లంబసింగి, దిగి నర్సీపట్నం మీదుగా ఇంటికి.

ఎండాకాలం రోజుని కిలోమీటర్లతో ప్లాన్ చెయ్యకు, టైంతో చెయ్యి. పదిన్నరకి ఎక్కడుంటే అక్కడ సైకిల్ నీడకి చేర్చేయడమే, మళ్ళీ నాలుగు దాటాకే ఎక్కడం. ఇంకో పది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, ఆ పదే ముంచేది.

నీ ప్లాన్లో నాకు నచ్చనిది ఒక్కరోజులో అరకు చేరిపోవాలనడం. సుమారు 115 కిలోమీటర్లు నువ్వు తొక్కగలవు, అది కాదు నా బాధ. ఇక్కడ నాలుగింటికి బయల్దేరినా పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట చేరి టిఫిన్ చేసేసరికి తొమ్మిదవుతుంది, అంటే సరిగ్గా ఎండ ముదిరే టైంకి నువ్వు ఘాట్ మొదలెడతావు. ఫ్లాట్ రోడ్డు మీద 20 స్పీడులో పోతుంటే గాలి తగిలి చెమట ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఘాట్లో లగేజీతో 6, 7 దాటదు, గాలి తగలదు, చెమట మోచేతుల మీంచి హ్యాండిల్ మీదకి, అక్కణ్ణించి రోడ్డు మీదకి బొట్లుబొట్లుగా కారిపోతుంటుంది. ఒంటిని చల్లబరిచేది ఆరిన చెమటే గానీ కారిపోయిన చెమట కాదమ్మా. మన ఉక్కపోతలో ఫోన్ 36 చూపిస్తున్నా ఒళ్ళు ఉడికిపోయేది అందుకే, వాతావరణ శాఖ వాళ్ళు కూడా వడగాలులు చెప్పడానికి మైదానాల్లో 40 డిగ్రీల నుంచి చూస్తే తీరంలో 37 నుంచే చూస్తారు. కాబట్టి మొదటిరోజు ఎస్.కోటలోనే పడుకో. ఐదింటికల్లా లైటు వేసుకుని ఎక్కడం మొదలెడితే ఎండ ముదిరేసరికి అనంతగిరి వైపు కాఫీ తోటల నీడలో ఉంటావు.

నీళ్ళు గంటకి ముప్పావు లీటరు దాకా పడతాయి, ఒకేసారి కాదు, గుక్కలు గుక్కలుగా. ఉత్త నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగితే ఒంట్లో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు వస్తాయి, జనం అది ఎండదెబ్బే అనుకుని ఇంకా తాగేస్తారు, అక్కడే ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ కచ్చితంగా దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలుపు. అయిపోతే లీటరుకి ఆరు టీస్పూన్లు పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూను మీద గుట్టగా లేకుండా. ఉప్పేసిన మజ్జిగ, చోడంబలి (రాగి అంబలి) ఎక్కడ దొరికినా వదలకు. కింద ఊళ్ళల్లో చలివేంద్రాలుంటాయి, పాడేరు దాటాక కొట్లు దూరం దూరం, అక్కడ నాలుగు లీటర్లు సైకిల్ మీద ఉండాల్సిందే. గెడ్డ (కొండవాగు) నీళ్ళు ఎంత తేటగా ఉన్నా మరిగించకుండానో క్లోరిన్ బిళ్ళ వెయ్యకుండానో తాగొద్దు, తువ్వాలు తడిపి మెడకి చుట్టుకోడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తాయి.

ఇప్పుడు చెప్పేది నీతో వచ్చే ఫ్రెండుకి కూడా చదివి వినిపించు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, తొక్కేవాళ్ళకి చెమట పడుతుండగానే వడదెబ్బ తగులుతుంది. మాట తడబడటం, ఊరికే చిరాకుపడటం, తెలిసిన దారే తప్పడం, ఎండలో వణుకు రావడం, ఇవి చూడాలి. అప్పటికి తగిలినవాళ్ళకి తమ పరిస్థితి తమకి తెలీదు, అందుకే ఆపు అని పక్కవాళ్ళు అంటే ఆపెయ్యాలి, వాదన లేదు. నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసురుతూనే ఉండాలి, స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, పారాసెటమాల్ దీనికి పనిచెయ్యదు. ముందు చల్లబరచడం, ఆ చేత్తోనే 108కి ఫోన్. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, దారిలో వచ్చే జీపునో బస్సునో ఆపి అడగడానికి మొహమాటపడకు, అక్కడి జనం మంచోళ్ళు.

లంబసింగి నుంచి దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా నొక్కి ఉంచకు, రిమ్ము కాలిపోయి ట్యూబ్ పేలుతుంది. మధ్యమధ్య ఆగి చల్లారనివ్వు. కిందకి దిగాక నర్సీపట్నం ఎండ ఒక్కసారిగా కొడుతుంది, పైన చలవలో రెండ్రోజులుండి ఆ సంగతి మర్చిపోతారు, ఆ దిగడం కూడా పొద్దున్నే పెట్టుకో.

శనివారం సైకిల్ తీసుకుని ఇంటికి రా, బ్రేక్ ప్యాడ్లు చూస్తాను, నీడకి కట్టుకునే చిన్న టార్పాలిన్ నా దగ్గరుంది, అదీ పట్టుకెళ్ళు.

మావయ్య