‘కనక’ అంటే ఎవరు? ఆ మాట ఇప్పుడు వాడొచ్చా?

ఆస్ట్రేలియా చెరకు తోటల చరిత్ర చదువుతుంటే ‘కనకలు’ అని వచ్చిందని, వాళ్ళెవరని అడిగారు. చెరకు పనికి తెచ్చిన పసిఫిక్ దీవుల వాళ్ళను అప్పట్లో అలా పిలిచేవారు. ఆ మాటతో నేను ఒకావిడ మనసు నొప్పించాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

క్వీన్స్‌ల్యాండ్‌లోని మకైలో ఉద్యోగం చేసేటప్పుడు మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేవారు. వాళ్ళ ముత్తాతను వనువాటు దీవుల నుంచి చెరకు పనికి తెచ్చారట. పాత పుస్తకాల్లో చూసిన మాటే కదా అని, “అయితే ఆయన కనకా?” అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. “అది తోటల దొరలు పిలిచిన పిలుపు. మేం సౌత్ సీ ఐలాండర్లం” అన్నారు. వెంటనే క్షమించమని అడిగాను.

నిజానికి ఆ మాట అసలు అర్థంలో ఏ తప్పూ లేదు. హవాయి భాషలో ‘కనక’ అంటే మనిషి. మన కనకంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. న్యూజిలాండ్ మూలవాసుల మావోరీలో, సమోవా, టోంగా దీవుల భాషల్లో మనిషిని ‘తంగత’ అంటారు. హవాయికి వచ్చేసరికి ‘త’ కాస్తా ‘క’ అయింది, ‘ంగ’ పోయి ‘న’ వచ్చింది. తంగత, కనక రెండూ ఒకే తల్లి బిడ్డలు. హవాయి నావికులు పనిచేసిన ఓడల మీదుగా అది పసిఫిక్ అంతా పాకింది. చివరికి యూరోపియన్ల నోట ఏ దీవి మనిషికైనా అదే పేరైపోయింది.

1863 నుంచి 1904 వరకు దాదాపు 62 వేల ఒప్పందాల మీద దీవుల వాళ్ళను క్వీన్స్‌ల్యాండ్‌కు తెచ్చారు. ఎక్కువమంది వనువాటు, సోలమన్ దీవుల వాళ్ళు. కొందరిని మోసం చేసి, కొందరిని బలవంతంగా ఎత్తుకొచ్చారు. తర్వాత వాళ్ళను పంపేయడానికే 1901లో చట్టం చేసి, చాలామందిని తిరిగి పంపేశారు. ఉండిపోయినవాళ్ళ వారసులను ప్రత్యేక సముదాయంగా ప్రభుత్వం గుర్తించింది 1994లో!

మన ‘కూలి’కి పట్టిన గతి కూడా ఇదే. మనకది చేసిన పనికి వచ్చే డబ్బు. ఫిజీ చెరకు తోటల్లో మనవాళ్ళకు అదే తిట్టయింది. ఈ సంగతి ఆవిడకు చెప్తే చాలాసేపు మాట్లాడుకున్నాం.

పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవుల్లో మాత్రం మూలవాసులు ఆ మాటను తమదిగా చేసుకుని ‘కనక్’ అని గర్వంగా చెప్పుకుంటారు. హవాయిలోనూ మూలవాసులు తమను ‘కనక మావొలి’ అనుకుంటారు. ఆస్ట్రేలియాలో మాత్రం సౌత్ సీ ఐలాండర్లు అనండి. పాత పత్రాల నుంచి ఎత్తి రాయాల్సి వస్తే కొటేషన్లలో పెట్టండి.